చల్లటి పొయ్యిలో పుట్టిన మట్టి

నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్ళు నా సమయపాలన గురించి చెప్పారు. బోర్డు మీద నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవో చెప్పారు. నా స్కూటర్ ఎన్నాళ్ళు మన్నిందో కూడా ఒకాయన వివరంగా చెప్పాడు. నేను చేసిన పరిశోధన ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. దండ వేసిన పూటే మనిషి పరువు తీయకూడదన్న మర్యాద అది.

ఇప్పుడు దండ వాడిపోయింది కాబట్టి ఆ ఊసు నేనే ఎత్తుతున్నాను. కొత్తగా ల్యాబుల్లోకి అడుగుపెడుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. జరిగింది చెప్పే అర్హత మాత్రం పూర్తిగా ఉంది, ఎందుకంటే అందులో పెద్ద వాటా నాదే.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా ల్యాబ్ ముందు కిటికీ తెరిస్తే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వెనక కిటికీ తెరిస్తే టేకు చెట్లు. ఆ రెండు కిటికీల మధ్య చాలా ఏళ్ళు, ఏ పరిశోధనా చేయకుండా, హాయిగా బతికాను. రిటైర్మెంటు దగ్గర పడుతుంటే భయం పట్టుకుంది. నా దగ్గర చదువుకున్నవాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చి మా కాలేజీలోనే ఉపన్యాసాలు ఇస్తున్నారు. చివర్లో "మా సార్ ముందు మాట్లాడడం నా అదృష్టం" అంటున్నారు. సార్ ఏం చేశాడో మాత్రం ఎవరూ చెప్పడం లేదు, చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి.

అందుకని ఒక ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టాను. థర్మల్ స్టేషన్ బూడిద నుంచి నానో మట్టి తయారు చేయడం. తెల్లమట్టి మీకు తెలుసు. కాగితానికి నునుపు, రంగుకు చిక్కదనం, మాత్రకు గట్టిదనం ఇచ్చేది అదే. దాన్ని దగ్గరగా చూస్తే పలుచటి రేకులు, ఒకదాని మీద ఒకటి పేర్చిన అప్పడాల్లాగా. రాయి కరిగి కరిగి అలాంటి మట్టి కావడానికి ప్రకృతికి యుగాలు పడతాయి. ఆ రేకులనే కంటికి ఏ మాత్రం ఆనని సైజులో, ఓవెన్లో, కొద్ది రోజుల్లో చేస్తానని నేను రాసిచ్చాను. బూడిదలో సిలికా ఉంది, అల్యూమినా ఉంది. వంట సామాన్లు రెండూ ఉన్నాయి, ఇక వండడమే తరువాయి అనుకున్నాను. జీవితంలో అన్నం కూడా సరిగా వండని మనిషికి అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు.

ప్రాజెక్టు వచ్చింది. దానితో పాటు ఒక రీసెర్చ్ స్కాలర్‌ను పెట్టుకునే వీలు వచ్చింది. అలా వచ్చింది ఈ కథలో అసలు మనిషి. కొత్తగూడెం కాలనీ అమ్మాయి. వాళ్ళ నాన్న బొగ్గు బాయిలో, గని లోపల, పనిచేసి, ఊపిరి ఆడక అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నాడు. అమ్మ చర్చిలో పాటలు పాడుతుంది. ఆ కుటుంబంలో ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. ఫెలోషిప్ ఉన్నన్నాళ్ళే చదువు, అది ఆగితే ఏదో స్కూల్లో టీచర్ పని చూసుకోవాలి. ఈ మాట మొదటి రోజే చెప్పింది. "నీ చదువు నా చేతుల పెట్టినవ్ కదమ్మా, ఇగ నువ్వు బేఫికర్" అన్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోనక్కర్లేదు. నేను మర్చిపోలేకపోతున్నాను, అంతే.

పని ఇలా సాగేది. బూడిద నుంచి తీసిన జిగురులాంటి పదార్థాన్ని నీళ్ళతో కలిపి, లోపల గిన్నె ఉన్న మందపాటి స్టీలు డబ్బాలో బిగించాలి. ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్నలాంటిది, విజిల్ ఒక్కటే ఉండదు. దాన్ని ఓవెన్లో పెట్టి రోజుల తరబడి వేడి చేయాలి. తీసి, కడిగి, ఆరబెడితే చిటికెడు తెల్లపొడి. అది మట్టో, ఉత్త బూడిదో కంటితో తేలదు. ఎక్స్‌రే యంత్రంలో పెట్టాలి. రేకులు వరుసగా పేరుకుని ఉంటే కాగితం మీద ఒక కచ్చితమైన చోట గీత పైకి లేస్తుంది. దాన్ని పీక్ అంటాం. ఏ చోట లేచిందో చూస్తే ఏ ఖనిజమో తెలుస్తుంది. వరుస లేకపోతే గీత ఎక్కడా లేవదు, తిన్న తర్వాత పొట్టలాగా మెల్లగా ఉబ్బి దిగుతుంది.

ఏడాది పాటు మాకు పొట్టే వచ్చింది.

మా అటెండర్ చండ్రుగొండ మనిషి, నోరు ఊరుకోదు. డబ్బా బిగించే స్పానర్ చేతికిస్తూ అనేవాడు: "ఏంది సార్, పిడికెడు మట్టి కోసం ఇంత తిప్పలా? మా దిక్కు రాండ్రి. చేను గట్టు మీద నిలబడి ఎంత కావాల్నో చెప్పుండ్రి, ట్రాక్టర్ మాట్లాడ్త."

"అది మామూలు మట్టిరా. ఇది నానో."

"అంటే?"

"మస్తు చిన్నది."

"చిన్నదానికేనా గింత పెద్ద ఓవెను!"

అమ్మాయి నవ్వాపుకోవడానికి బీకరు కడిగే పనిలో పడేది.

అప్పటిదాకా పొడిని హైదరాబాద్ పంపి పరీక్ష చేయించేవాళ్ళం. ఇప్పుడు మా దగ్గరికే ఒక పాత ఎక్స్‌రే యంత్రం కూడా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక సంస్థ కొత్తది కొనుక్కుని, పాతదాన్ని ఎక్కడ పడేయాలో తెలియక మాకు దానం చేసింది. నమూనా పెట్టే పళ్ళెంలో గుంట చాలా లోతు. అది నిండాలంటే చెంచాడు పొడి కావాలి. మా దగ్గరుండేది చిటికెడు. ఇక్కడే నా మేధస్సు మేల్కొంది. పాల్వంచ బస్టాండ్ ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపుకు అటెండర్ని పంపి, చిన్నపిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి ముద్దలు తెప్పించాను. గుంటలో ఆ ముద్ద కుక్కి, పైన గాజు పలకతో చదును చేసి, దాని మీద మా పొడిని ఊదుబత్తి బూడిద చల్లినట్టు పలుచగా చల్లాలి. పొడి జారదు, గుంట నిండుతుంది. ముద్దలు ఎన్నో రంగుల్లో దొరుకుతాయి. నేను తెల్లవే తెమ్మన్నాను. తెల్లగా ఉంటే సైంటిఫిక్‌గా ఉంటుందని.

అదే వారంలో వంటలో కూడా ఒక మార్పు చేశాను. ఒక ఆమ్లం కొద్దిగా కలిపితే రేకులు త్వరగా పేరుకుంటాయని ఎక్కడో చదివి కలిపాను. రెండు మార్పులూ ఒకేసారి చేశానన్న సంగతి మీరు గమనించారు. నేను గమనించలేదు.

పొడి పెట్టాం. యంత్రం మూలిగింది. కాగితం మీద గీత నెమ్మదిగా కదిలి, ఎక్కడ లేవాలో సరిగ్గా అక్కడ, గుడి గోపురంలాగా నిటారుగా లేచింది.

నేను కుర్చీ మీది నుంచి లేచాను. అటెండర్ని కౌగిలించుకున్నాను. ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను, ఆ వయసులో ఆ మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. మిఠాయిలు పంచాను. మర్నాడు పేపరు విలేకరి వచ్చాడు. తెల్లకోటు వేసుకుని, చేతిలో గాజు గొట్టం పట్టుకుని ఫొటో దిగాను. గొట్టంలో ఉన్నది మంచినీళ్ళు. మా పొడి ఫొటోలో పడేంత లేదు మరి. "బూడిద నుంచి నానో మట్టి" అని జిల్లా పేజీలో వేశారు. మా ఇంటావిడ ఆ ఫొటోను చాలాసేపు చూసి, "కోటు ఇస్త్రీ చేపిచ్చుకోవాల్సింది" అంది. అంతే. ఆమె నన్ను ఎప్పుడూ సరైన కొలతలోనే చూస్తుంది.

ఆ తర్వాత ఏం పెట్టినా పీక్ వచ్చేది. కాలం తగ్గించినా వచ్చేది, ఆమ్లం తగ్గించినా వచ్చేది. నాకు పట్టలేని ఆనందం. ఒకసారి ఓవెన్ ఫ్యూజు కాలిపోయింది. డబ్బా ఎక్కించిన సాయంత్రమే పోయిందట, సెలవుల వల్ల ఎవరూ చూడలేదు. తిరిగొచ్చి ముట్టుకుంటే చల్లగా ఉంది. ఎందుకైనా మంచిదని ఆ పొడినీ యంత్రంలో పెట్టాం. పీక్ లేచింది. అదే చోట, అంతే నిటారుగా.

అమ్మాయి కాగితం వైపు చూసి, ఓవెన్ వైపు చూసి, నా వైపు చూసింది.

"సార్, పొయ్యి ముట్టియ్యకుంట అన్నం ఎట్ల ఉడికింది?"

"అదేనమ్మా మన పద్ధతి గొప్పతనం! మామూలు వేడికే తయారయితున్నది. మనం ఇంకో పేపర్ రాయొచ్చు."

"మరి ఇంత సన్నగ ఉన్నదేంది సార్ పీకు? మీరే చెప్పిన్రు కద క్లాసుల..."

నేనే చెప్పాను. ప్రతి ఏడూ, బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో, బొమ్మ వేసి మరీ చెప్పాను. రేకులు ఎంత చిన్నవైతే పీక్ అంత వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. సూదిలా నిటారుగా లేచిందంటే ముక్కలు పెద్దవని అర్థం. నానో అని చెప్పుకుంటున్న పొడికి అలాంటి పీక్ రాకూడదు. పరీక్షలో ఏ పిల్లాడైనా ఈ ముక్క తప్పు రాస్తే మార్కులు కోసేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "క్వాలిటీ బాగొచ్చింది" అన్నాను.

"ఒక్కసారి పొడి లేకుండ ఉత్త ముద్ద పెట్టి చూస్త సార్."

"వద్దు. ఆ యంత్రంల ట్యూబ్ పాతది, ఎన్ని గంటలు బతుకుతదో తెల్వదు. ఉత్త ముద్దకు ఖర్చు చేస్తమా?"

ఆమె మళ్ళీ అడగలేదు. ఆమె సరేనందని నేను అనుకున్నాను.

ప్రాజెక్టు సమీక్షకు హైదరాబాద్ నుంచి కమిటీ వస్తున్నదని కబురొచ్చింది. వాళ్ళు బాగుందంటే పొడిగింపు. పొడిగింపు ఉంటేనే అమ్మాయి ఫెలోషిప్, ఫెలోషిప్ ఉంటేనే థీసిస్. ఆ రోజు పొద్దున నేను ఇస్త్రీ కోటుతో వచ్చేసరికి ఆమె ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చుట్టిన కాగితం.

"సార్, ఒక మాట."

"జల్దీ చెప్పు. వాళ్ళ కారు కొత్తగూడెం దాటిందట."

"నిన్న ఉత్త ముద్ద పెట్టి తీసిన సార్."

"ఎవరు తియ్యమన్నరు?"

"ఎవరూ అనలే."

కాగితం తీసుకున్నాను. మా గొప్ప పీక్ ఉన్న కాగితాన్ని దాని మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూశాను. ఒక గీత ఇంకో గీత వెనక దాక్కుంది. రెండు కాగితాలున్నట్టే లేదు. పిల్లల బొమ్మల ముద్ద గట్టిగా ఉండడానికి అందులో తెల్లమట్టి కలుపుతారు. అది గనిలో తవ్విన మామూలు మట్టి, అందుకే అంత నిటారు పీక్. మేం పలుచగా చల్లిన పొడిని దాటుకుని ఎక్స్‌రేలు కింది ముద్దను చూసి వచ్చాయి. ఇన్నాళ్ళూ నేను స్టేషనరీ షాపు మట్టిని కనిపెడుతూ వచ్చాను.

అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మనసు ఒప్పుకోకపోయినా కళ్ళకు తెలిసిపోయింది. అప్పుడు నేను చేసిన పని ఈ మొత్తం కథలో సిగ్గుపడాల్సింది. ముద్ద పొరపాటు తెలివితక్కువతనం, దానికి నవ్వుకోవచ్చు.

"ఇయ్యాల గడవనీ" అన్నాను. "పొడిగింపు రానీ. తర్వాత నిమ్మలంగ అన్నీ సరిచేసుకుందాం. ఇప్పుడిది బయటికి తియ్యకు. నీ కోసమే చెప్తున్నమ్మా."

"థీసిస్‌ల ఆ పీకు పెట్టను సార్."

"పెట్టకు. ఇయ్యాల మాట్లాడకు, చాలు."

ఆమె కాగితం చుట్టేసి బల్ల సొరుగులో పెట్టింది. ముఖం చూడలేదు నేను. కోటు గుండీలు పెట్టుకునే పని ఉంది కదా.

కమిటీకి పెద్దగా వచ్చిన మేడంకు జలుబు. రుమాలుతో ముక్కు ఒత్తుకుంటూ నా మాటలన్నీ ఓపిగ్గా విన్నారు. నేను బూడిద కొండల నుంచి మొదలుపెట్టి, పర్యావరణం మీదుగా, అడవి అంచు పల్లెల అభివృద్ధి దాకా వెళ్ళి, చివరికి పీక్ చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"చాలా సన్నగా ఉంది. నానో అన్నారు కదా?"

"క్రిస్టల్ క్వాలిటీ బాగా వచ్చింది మేడం."

"నమూనా దేని మీద పెట్టారు?"

"గాజు మీద మేడం."

నా పేరు అడిగినా అంత త్వరగా చెప్పేవాణ్ణి కాదు.

ఆమె అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వేనా అమ్మా పెట్టింది? గాజు మీదేనా?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను నా పీక్ వైపు చూశాను. గదిలో మేడం ముక్కు చీదిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

సరిగ్గా అప్పుడు అటెండర్ టీ ట్రేతో లోపలికి వచ్చాడు. నన్ను ఎవరో పెద్దవాళ్ళు ప్రశ్నలు అడుగుతున్నారని, నేను గొప్పగా జవాబులు చెప్పుకోలేక మొహమాటపడుతున్నానని అనుకున్నాడు పాపం. కప్పు మేడం ముందు పెడుతూ, గుండె నిండా గర్వంతో అన్నాడు: "గాజు ఏంది మేడం, మా సారు ఉపాయం జూడాలె మీరు! పిల్లలాడుకునే మట్టి పెట్టి, దాని మీద చల్లుతడు. ఎవ్వరికి రాదు గంత తెలివి. షాపుకు పోయి తెచ్చింది నేనే."

మేడం కప్పు ముట్టుకోలేదు. "ఆ మట్టిని విడిగా తీసి చూశారా?" అని అడిగారు. నన్ను కాదు.

"తీసిన మేడం" అంది అమ్మాయి. వెళ్ళి సొరుగులోంచి కాగితం తెచ్చి ఆమె ముందు పరిచింది.

"ఎప్పుడు?"

"నిన్న."

"మరి ఇందాక అడిగితే ఎందుకు చెప్పలేదు?"

జవాబు ఇవ్వాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. కానీ అందులోంచి వచ్చింది, "కొంచెం అయోమయం జరిగింది మేడం" అన్న వాక్యం. ఎవరికి జరిగింది, ఎవరి వల్ల జరిగింది అనేది లేకుండా చక్కగా వచ్చింది. అటెండర్ ఖాళీ ట్రే పట్టుకుని, తన మాటకు ఎవరూ నవ్వలేదేమా అని అందరి ముఖాలూ చూస్తున్నాడు.

నివేదిక వచ్చింది. ప్రాజెక్టు ఆపేయమన్నారు. గైడు తప్పు చెప్పాడు, స్కాలర్ తెలిసి దాచింది, ఇద్దరూ బాధ్యులే అన్నారు. ఫెలోషిప్ ఆగిపోయింది. నాకు ఏమైంది? ప్రిన్సిపాల్ రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు టైమ్‌టేబుల్ ప్రకారం క్లాసుకు వెళ్ళి, పీక్ వెడల్పు గురించి పాఠం చెప్పాను. ఆ అమ్మాయి మాత్రం బీకర్లన్నీ కడిగి బోర్లించి, తాళంచెవి అటెండర్‌కు ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయింది.

కొన్ని వారాలకు వాళ్ళ కాలనీకి వెళ్ళాను. ధైర్యం చెప్పడానికి వెళ్తున్నానని మా ఇంటావిడతో చెబితే, "ఎవరికి?" అంది.

రేకుల పందిరి కింద వాళ్ళ నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట మాటకూ మధ్య ఊపిరి అందుకునేవాడు. వాళ్ళమ్మ కుర్చీ తుడిచి వేసి, చాయ్ ఇచ్చింది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తున్నారు. అమ్మాయి లోపలి గదిలోనే ఉంది, బయటికి రాలేదు. నేను ప్రకృతి గురించి, పరిశోధనలో ఎత్తుపల్లాల గురించి ఏదో మాట్లాడాను. పెద్దమనిషి అంతా విని అడిగాడు:

"సార్, మా బిడ్డ తప్పు చేసిందా?"

"లేదు. తప్పు నాది."

"అందరు దొంగ లెక్క చూపిచ్చింది అంటున్నరు. చర్చిల కూడా అడుగుతున్నరు మా ఇంటామెను."

"అట్లాంటిదేం లేదు. ఆ పిల్ల నిజం చెప్పింది. నేనే ఆపిన."

"మరి..." ఊపిరి తీసుకున్నాడు. "తప్పు మీదైతే బిడ్డ ఇంట్ల కూసున్నదేంది సార్, మీరు కాలేజికి పోతున్నరేంది?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. లెక్క తప్పిందేమో, సారుకు తెలిసే ఉంటుంది, చెబుతాడు అన్నట్టు నా ముఖం వైపు చూస్తూ ఉన్నాడు. నా చాయ్ మీద మీగడ కట్టింది.

"అది సరిచేస్త" అన్నాను.

"అవ్, చెయ్యాలె సార్" అన్నాడాయన.

హైదరాబాద్ వెళ్ళి మేడం గది బయట కూర్చున్నాను. లోపలికి పిలిచి, "ఆ అమ్మాయి కోసం వచ్చారా, మీ కోసం వచ్చారా?" అని అడిగారు. ఇద్దరి కోసమూ అన్నాను. ఆ ప్రాజెక్టు మొత్తంలో నేను చెప్పిన మొదటి కచ్చితమైన ఫలితం అదేననుకుంటాను. సమీక్ష రోజు పొద్దున జరిగింది కూడా నోటితో చెప్పేశాను.

"ఆమెను నా ల్యాబ్‌లోకి తీసుకోగలను. కానీ తెలిసి దాచిందని నివేదికలో ఉంది. అది తనంతట తాను చేసింది కాదని ఎవరో చెప్పాలి. జరిగింది జరిగినట్టు రాసివ్వండి."

బయట క్లర్కు బల్ల దగ్గర కూర్చుని రాశాను. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె చదివి, ఒక చోట పెన్నుతో గీత కొట్టారు. "సమాచార లోపం వల్ల అంటే ఏంటి? ఎవరి సమాచారం?"

మళ్ళీ రాశాను. ఈసారి "తగిన సలహా అందకపోవడం వల్ల" అని రాశాను. మళ్ళీ గీత. "సలహా అందింది. ఆ పొద్దున మీరే ఇచ్చారు."

క్లర్కు నాకు ఇంకో తెల్లకాగితం ఇస్తూ, "టీ తాగుతారా సార్?" అన్నాడు. నా అవస్థ చూసి జాలి కలిగినట్టుంది. ఎన్ని కాగితాలు చింపానో! మాటల్లో ఎన్ని మెత్తటి దిండ్లు ఉంటాయో, మనిషి వాటి వెనక ఎంత సుఖంగా పడుకోగలడో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. చివరికి ఇలా వచ్చింది: "సమీక్ష రోజు పొద్దున ఈ విద్యార్థిని తప్పును పట్టుకుని నాకు చెప్పింది. మాట్లాడవద్దని నేను ఆపాను. కమిటీ అడిగినప్పుడు నేను తెలిసి అబద్ధం చెప్పాను." మేడం చదివి, పక్కన పెట్టి, "ఇంత చిన్నదా!" అన్నారు.

ఆ కాగితంతో నా గైడ్‌షిప్ పోయింది. రావాల్సిన ప్రమోషన్ కూడా పోయింది. అది నేను చేసిన త్యాగం కాదు. ఎవరిదో తీసుకున్నది తిరిగి ఇచ్చానంతే, అదీ ఆలస్యంగా.

అమ్మాయి హైదరాబాద్ వెళ్ళింది. మా పొడి సీసాలన్నీ తీసుకుపోయి అక్కడ సరైన పద్ధతిలో పరీక్షించింది. ఒక్కదాంట్లోనూ మట్టి లేదు, అంతా ఉడికిన బూడిదే. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నా వల్ల పోయిన కాలం ఎలాగూ తిరిగి రాలేదు, కానీ చివరికి నిజంగానే చేసింది. ఆ పీక్ నాకు చూపించింది. వెడల్పుగా, పొట్టిగా, చీమలపుట్టంత. అలవాటు ప్రకారం నేను గోపురం కోసం వెతికాను, కనబడలేదు. "ఇదే సార్" అని వేలు పెట్టి చూపించింది.

థీసిస్ ఇచ్చే ముందు మేడం ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టారు. పని మొదలైంది నా దగ్గర కాబట్టి, నా గైడ్‌షిప్ పోయినా, అమ్మాయి కోరితే సహ గైడుగా నా పేరు వేయడానికి నియమాలు ఒప్పుకుంటాయట. "నీ ఇష్టం అమ్మా" అన్నారు.

మీకు నిజం చెప్పాలి. ఆ సంగతి నాకు ముందే తెలిసింది. మంచి చొక్కా వేసుకుని వచ్చాను. ఆమె వేస్తానంటే, "వద్దమ్మా, నేను తగను" అని ఒకసారి అనాలని, రెండోసారి అడిగితే తల వంచి ఒప్పుకోవాలని, బస్సులో వస్తూ దారి పొడవునా సాధన చేశాను. కళ్ళు ఎక్కడ చెమర్చాలో కూడా అనుకున్నాను.

ఆమె ముందు మేడం వైపు చూసింది.

"వద్దు మేడం" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "సార్, కోపంతోని కాదు. మీరంటే నాకు గౌరవమే. కానీ మీ పేరుంటే ప్రతి కాడ ఆ ముచ్చట మళ్ళ చెప్పుకోవాల్సొస్తది. నేను చెప్పి చెప్పి అలిసిపోయిన."

"అవునమ్మా" అన్నాను. సాధన చేసిన మాటల్లో అది లేదు.

బస్టాండ్‌లో భద్రాచలం బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదికి రాలేదు. ఇంటికి ఫోన్ చేశాను.

"పెట్టిందా పేరు?" అంది మా ఇంటావిడ.

"లేదు."



"మంచిగ చేసింది పిల్ల" అంది. "తిని వస్తరా, అన్నం వండనా?"

వండమన్నాను.